అవధానికీ ఈ పిల్లాడికీ తేడా ఎక్కడ?

ప్రోగ్రెస్ కార్డులో మార్కుల కింద 'రిమార్కులు' అని చిన్న గడి ఒకటి ఉంటుంది. ఓ ప్రైవేటు హైస్కూల్లో 11 ఏళ్లు లెక్కలు చెప్పాను. ఆ గడిలో నేను ఎక్కువసార్లు రాసిన మాట 'తెలివైనవాడే, కానీ శ్రద్ధ పెట్టడు'. క్లాసుకు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు, ప్రతి పరీక్షకూ వాళ్లకు అదే మాట. రాసేటప్పుడు నాకెప్పుడూ అనుమానం రాలేదు. తెలివి ఉన్నట్టు కనిపిస్తూనే ఉంది, ఇక శ్రద్ధ పెట్టకపోవడం పొగరు కాక ఇంకేమిటి అనుకునేవాణ్ని.

ఏడో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. నోటిలెక్క అడిగితే చెయ్యి ఎత్తకముందే జవాబు అరిచేసేవాడు. పరీక్షలో మాత్రం 35కి అటూ ఇటూ. ఒకరోజు విసుగొచ్చి వాడి పేపరు ముందేసుకుని వరసగా చూశాను. మూడో లెక్కలో 68ని 86గా దించుకున్నాడు, అక్కణ్నుంచి స్టెప్పులన్నీ కరెక్టే. ఐదో లెక్కలో ఆఖరి కూడిక మిగిలుండగానే ఆరో లెక్కలోకి దూకేశాడు. ప్రశ్నపత్రం వెనక పేజీలో ఇంకో రెండు లెక్కలున్నాయి, వాడు తిప్పి చూడనేలేదు. రాని లెక్క అంటూ ఆ పేపర్లో ఒక్కటీ లేదు.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు ఏడీహెచ్‌డీ. తెలుగులో 'అవధాన లోపం, అతి చురుకుదనం' అని రాస్తున్నారు. అవధానం అనగానే మనకు గుర్తొచ్చేది అష్టావధానం. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకాయన పద్యం అడగడు. సమస్యాపూరణం మంచి రసపట్టులో ఉండగా మధ్యలో దూరి, ఇవాళ మీ ఇంట్లో కూరేమిటండీ అన్నట్టు ఏదో అడుగుతాడు. ఆయనే అప్రస్తుత ప్రసంగి. అవధాని ఆయన మొహాన ఓ చమత్కారం పడేసి, వదిలిపెట్టిన పాదం దగ్గరికే తిరిగొస్తాడు. దృష్టి మళ్లడం అందరికీ ఉన్నదే. ఈ పిల్లలకు కష్టమల్లా తిరిగి రావడం. పైగా వీళ్ల అప్రస్తుత ప్రసంగి వేదిక మీద కాదు, తలలోనే కూర్చుని ఉంటాడు.

అందుకే ఆ పేరులోని 'లోపం' అన్న మాట నాకు అంత నచ్చదు. తల్లులు అడిగే ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది: 'ఫోన్ ఇస్తే మూడు గంటలు కదలడు, పుస్తకం ఇస్తే మూడు నిమిషాలు కూర్చోడు. ఇది జబ్బెలా అవుతుందండీ?' న్యాయమైన ప్రశ్నే. అవధానం వాడి దగ్గర బోలెడుంది, పగ్గం మాత్రం వాడి చేతిలో లేదు. కొత్తదనం ఉన్నచోట, ఫలితం వెంటనే కనిపించేచోట బుర్ర దానంతటదే అతుక్కుంటుంది. ఫలితం ఆర్నెల్ల తర్వాత వచ్చే పని దగ్గర మొరాయిస్తుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం పనితీరుకూ దీనికీ సంబంధం ఉందని చాలాకాలంగా చెబుతున్నారు. ఈ పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల సగటున మూడేళ్లు వెనకబడి సాగుతోందని 2007లో అమెరికా పరిశోధకులు స్కాన్లు తీసి చూపించారు. పదేళ్ల వాణ్ని పదేళ్లవాడిలా కూర్చోమంటున్నాం, కూర్చోబెట్టే భాగం ఇంకా ఏడేళ్ల దగ్గరుందేమో మరి.

చక్కెర వల్ల రాదు, పెంపకం వల్ల రాదు. వంశంలో నడుస్తుంది. కవలల మీద చేసిన అధ్యయనాలు వారసత్వం వాటాను 70 శాతానికి పైనే లెక్కగట్టాయి. 'నేనూ చిన్నప్పుడు ఇంతేనండీ, బాగుపడలేదా?' అని తండ్రులు అంటూంటారు. జబ్బు లేదని రుజువు చేద్దామని అన్నమాట అది, తీరా చూస్తే డాక్టరుకు పనికొచ్చే ఆధారం.

అలాగని అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఈ పేరు తగిలించేస్తే అది ఇంకో అన్యాయం. రక్తపరీక్ష, స్కాన్ చేసి తేల్చే సంగతి కాదిది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే జబ్బుల నిర్ధారణ పుస్తకం లెక్క ప్రకారం దృష్టి నిలపలేకపోవడానికి 9 లక్షణాలు, నిలకడలేనితనానికి, తొందరపాటుకు 9 లక్షణాలు ఉంటాయి. ఏదో ఒక జాబితాలో కనీసం 6, 17 ఏళ్లు నిండినవాళ్లకైతే 5, ఆరు నెలలుగా కనిపిస్తూ ఉండాలి. 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండుచోట్ల ఇబ్బంది పెట్టాలి. ఒక్క లెక్కల పీరియడ్లోనే అల్లరి చేస్తున్నాడంటే చూడాల్సింది లెక్కల మాస్టారిని.

2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం మన తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సింది. సెప్టెంబరు 1ని బడిలో చేర్చుకునే వయసుకు గడువుగా పెట్టుకున్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టిన పిల్లలకు సెప్టెంబరులో పుట్టినవాళ్లకన్నా 34 శాతం ఎక్కువగా ఈ జబ్బు పేరు పెట్టారు. నెల తేడాతో జబ్బు మారుతుందా? మారదు. ఆగస్టు పిల్లలు క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లు, అంతే. మన దగ్గర రెండున్నరేళ్లకే నర్సరీలో వేసి, పుట్టినతేదీ ముందుకు జరిపి రాయించి, ఏడాది పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టిన పిల్లలు తక్కువేమీ కాదు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్లో ఉన్నది కాదు, అసలు పుట్టినరోజు చెప్పండి. చూపు, వినికిడి, నిద్ర కూడా చూపించుకోండి. బోర్డు కనిపించని పిల్లాడూ బోర్డు వైపు చూడడు.

ఆడపిల్లల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కుర్చీ ఎక్కి దూకేవాడు మా స్టాఫ్‌రూమ్ కబుర్లలో రోజూ వచ్చేవాడు. కిటికీ పక్కన నోరెత్తకుండా కూర్చుని, మనసు మాత్రం ఎక్కడో పెట్టుకున్న పిల్ల సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. 'మెతక పిల్ల' అని సరిపెట్టేసేవాళ్లం. ఇలాంటివాళ్లలో చాలామంది ముప్ఫైలు దాటాక తమ పిల్లల కోసం ఫారాలు నింపుతూ, ఇదంతా నా గురించే కదా అనుకుంటారు.

ఇక మన కార్పొరేట్ హాస్టళ్లు. తెల్లారకముందే లేపి, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు. అందరి ఎదుటా ర్యాంకుల జాబితా. ఆటలపీరియడ్ టైంటేబుల్లో మాత్రమే ఉంటుంది. చదువు ఇదేనా అన్న గొడవ పక్కన పెట్టినా, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి మాత్రం ఇది పనిగట్టుకుని కట్టిన బోను. విచిత్రమేమిటంటే కొందరు అక్కడ నెగ్గుకొస్తారు కూడా, పక్కన వార్డెన్ ఉన్నాడు కాబట్టి. బీటెక్‌లోకి వచ్చి, లేపేవాడూ కూర్చోబెట్టేవాడూ లేకపోయేసరికి బ్యాక్‌లాగులు పేరుకుంటాయి. 'ఇంటర్లో అంత బాగా చదివినవాడు, సావాసాలతో చెడిపోయాడు' అంటాం. సావాసాలను తిట్టేముందు ఇదొకటి కూడా ఆలోచించాలి.

మందు మాట ఎత్తితే ఇంట్లో తుపానే. ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. 1954 నుంచీ అమ్మకంలో ఉన్న పాత మందు. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో ఉంది, చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒకటి మందుల షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. ఆ కట్టడి చూసి 'మత్తుమందు' అని భయపడిపోతారు. అమెరికాలో మనవడికి ఇలాంటి మాత్ర వేస్తున్నారని తెలిసి ఇక్కడ నానమ్మ మొక్కుకున్న మొక్కులు నాకు తెలుసు. దుర్వినియోగం చేసే వీలుంది కాబట్టే కట్టడి. డాక్టరు మోతాదు చూసి ఇచ్చినప్పుడు సంగతి వేరు. ఏడీహెచ్‌డీ చికిత్సలను పోల్చి చూసి, 1999లో ఫలితాలు చెప్పిన ఎంటీఏ అనే అధ్యయనంలో 579 మంది పిల్లలను 14 నెలలు గమనించారు. అసలు లక్షణాలు తగ్గించడంలో జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు, ఒట్టి ప్రవర్తన శిక్షణకన్నా బాగా పనిచేసింది. రెండూ కలిపినచోట తక్కువ మోతాదుతో సరిపోయింది. మూడేళ్లకు చూస్తే ఆ గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయి కూడా. అందుకే నాకు మందంటే భయమూ లేదు, దాని మీద భక్తీ లేదు. ఆరేళ్ల లోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణ అని అమెరికా పిల్లల వైద్యులే చెబుతున్నారు.

మందు మొదలుపెట్టిన ఇంట్లో ముందుగా తెలిసేది క్యారేజీ. మధ్యాహ్నం అన్నం అన్నంలాగే తిరిగొస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. పొద్దున మాత్రకు ముందే కడుపు నిండా టిఫిన్ పెట్టి, సాయంత్రం మందు ప్రభావం తగ్గాక అన్నం పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నిద్ర, బరువు, ఎత్తు, బీపీ డాక్టరు చూస్తూ ఉండాలి.

మిగతాదంతా ఇంట్లో జరగాల్సిందే. ఈ పిల్లలకు ఏం చెయ్యాలో తెలుసు, చెయ్యాల్సిన క్షణంలో అది గుర్తుకు రాదు. కాబట్టి నీతిబోధ దండగ. వంటింట్లోంచి 'స్నానం చేసి, బట్టలు వేసుకుని, బ్యాగు సర్దుకో' అని కేకేస్తే మొదటి మాటే చెవికెక్కదు. దగ్గరికెళ్లి, భుజమ్మీద చెయ్యేసి, ఒక్క పని చెప్పండి. అది అయ్యాక రెండోది. బ్యాగు గుమ్మం దగ్గర రాత్రే పెట్టేయండి. పది నిమిషాల టైమర్ పెట్టి చదివించి, లేచి ఓ చుట్టు తిరిగి రానివ్వండి. టెన్తులో ఫస్ట్ వస్తే కొనిస్తానన్న సైకిల్‌కన్నా, ఈ పేజీ అయ్యాక ఇచ్చే పల్లీ చిక్కీ ఎక్కువ పనిచేస్తుంది.

సర్కారు వైఖరే నాకు అర్థం కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడి పిల్లల్లో వెతకాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపాలి కూడా. అదే 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో ఆటిజం ఉంది, అభ్యసన వైకల్యం ఉంది, దీని పేరు లేదు. అంటే ఒక శాఖ వెతికి పట్టుకుంటుంది, పరీక్షలో ఓ అరగంట ఎక్కువ అడిగితే సర్టిఫికెట్ ఏదంటుంది ఇంకో శాఖ. బడిలో కొట్టడం, మనసు నొచ్చుకునేలా వేధించడం కూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. బెంచీ ఎక్కించడం అందులోకి రాదని మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది నమ్మకం, ఒకప్పుడు నాదీ అదే. దగ్గర్లో డాక్టరెవరో తెలియనివాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ ఏడో తరగతి కుర్రాణ్ని మొదటి బెంచీకి మార్చాను. పీరియడ్ మధ్యలో హాజరు పట్టీ ఆఫీసులో ఇచ్చి రమ్మని వాణ్నే పంపేవాణ్ని. పరీక్షకు ప్రశ్నపత్రం సగానికి మడిచి ఇచ్చి, మొదటి పేజీ అడుగున ఎర్ర పెన్నుతో 'వెనక ఇంకా ఉంది' అని రాశాను. వాడు తిప్పాడు. వారం తిరక్కుండానే ఒక తండ్రి వచ్చి, మా వాడి పేపరు మీద ఎందుకు రాయలేదని హెడ్‌మాస్టర్ గదిలో గొడవ పెట్టుకున్నాడు. తర్వాతి పరీక్ష నుంచి అందరి పేపర్ల మీదా రాశాను.