సవరణ: ఆ ప్రశ్నావళిలో స్కోరు పెరిగితే మంచిది కాదు

తిరుపతి, చిత్తూరు ప్రీస్కూల్ టీచర్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, ఏఎస్‌క్యూ ఎస్‌ఈ-2లో (పిలకాయల భావోద్వేగాలు, నడవడి గురించి ఇంటివాళ్లు నింపే ప్రశ్నావళి) స్కోరు ఎంత ఎక్కువుంటే పిలకాయల భావోద్వేగ ఎదుగుదల అంత బాగున్నట్టని రాశాను. తప్పు నాదే. ఆ ప్రశ్నావళి స్కోరింగ్ సూచనల ప్రకారం సంగతి సరిగ్గా తలకిందులు.

నేను కలిపేసింది ఏఎస్‌క్యూ-3తో, అంటే మాట, నడక లాంటి ఎదుగుదలను చూసే ఇంకో ప్రశ్నావళితో. అందులో చేయగలిగినదానికి 10. తక్కువ వస్తేనే గమనించాలి. ఎస్‌ఈ-2లో పాయింట్లు ఇబ్బందికి: లేకుంటే 0, అప్పుడప్పుడైతే 5, ఎక్కువైతే 10. తల్లి ‘ఇది నాకు దిగులుగా ఉంది’ అని గుర్తు పెడితే ఇంకో 5. పైగా ‘తరచూ’ అన్న జవాబుకు ఒకే విలువ లేదు. ఏడుపు పావుగంటలో ఆపుకుంటాడా అంటే ‘తరచూ’ సున్నా. చాలాసేపు అరిచి మారాం చేస్తాడా అంటే అదే ‘తరచూ’ పది. కూడేటప్పుడు జారేది ఇక్కడే.

కటాఫ్, అంటే హద్దు స్కోరు, ఒక్కో వయసు ఫారానికి ఒక్కోటి. అది దాటితే జబ్బని కాదు, ఇంకా చూడాలని. ఇంటివాళ్లకు అంకె ముందు చెప్పకండి. మార్కులకు అలవాటైన మనవాళ్లు ‘డెబ్బై వచ్చిందా, పాసే’ అనుకుంటారు. ‘అమ్మా, మీవాడు తోటి పిలకాయలతో బాగా కలుస్తాడు. కోపమొస్తే మాత్రం తేరుకోను శానాసేపు పడతా ఉంది. ఇంట్లో ఎట్లుంటాడు?’ అని మొదలుపెట్టండి.

పాత పోస్టు చూసి ఎవరికైనా ‘బాగుంది’ అని చెప్పుంటే, ఆ ఫారాలు మళ్లీ కూడి, వాళ్లను పిలిపించండి.