ఎడ్రిచ్ తెగువ యుద్ధంలో పుట్టింది కాదు
ఇంగ్లండ్ క్రికెటర్ బిల్ ఎడ్రిచ్ బ్యాటింగ్‌లో కనిపించే తెగువ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు నడపడం వల్లే వచ్చిందన్న మాట నేను ఒప్పుకోను. యుద్ధానికి ముందే, 1939 మార్చిలో డర్బన్‌లో ఏం చేశాడో చూడండి. టెస్టుల్లో వరుసగా ఫెయిలవుతూ, జట్టులో చోటే ప్రశ్నగా మారిన టైంలో రెండో ఇన్నింగ్స్‌లో 219 కొట్టాడు. ఆ టెన్షన్ తట్టుకున్నవాడికి ధైర్యం ఎవరో నేర్పాలా? యుద్ధం అతని దగ్గర తీసుకున్నదే ఎక్కువ. 1941 ఆగస్టులో జర్మనీలోని కొలోన్ దగ్గరి విద్యుత్ కేంద్రాల మీదికి పట్టపగలు, చాలా తక్కువ ఎత్తులో 54 బ్రిటిష్ బ్లెనీమ్ బాంబర్ విమానాలు వెళ్తే పదికి పైగా తిరిగి రాలేదు. ఆ దాడికే ఎడ్రిచ్‌కు వైమానిక దళ సాహస పతకం డీఎఫ్‌సీ ఇచ్చారు. 23 నుంచి 29 ఏళ్ల దాకా, బ్యాట్స్‌మన్‌కి బంగారం లాంటి వయసంతా అలా పోయింది. తిరిగొచ్చాక 1947 సీజన్‌లో 3,539 పరుగులు చేశాడు. పాపం, అదే ఏడాది సహచర బ్యాట్స్‌మన్ డెనిస్ కాంప్టన్ 3,816 కొట్టడంతో ఎడ్రిచ్‌కు రావాల్సినంత పేరు రాలేదు.