వారంలో ఏ రోజో చీటీ మీద ఎందుకు రాయరు?

మెథోట్రెక్సేట్ మంచి మందు. యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో చేసిన కృషిలోంచి పుట్టి, మొదట క్యాన్సర్‌కు పనికొచ్చి, 1988లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతితో రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) చికిత్సలోకి వచ్చింది. నా అభ్యంతరం మందు మీద కాదు. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మాత్రను పొరపాటున రోజూ వేసుకుని మనుషులు ప్రాణాల మీదికి తెచ్చుకుంటుంటే, 'పేషెంట్ సరిగా వినలేదు' అని చేతులు దులుపుకోవడం మీద.

డాక్టర్ రాసిచ్చే ఆ మందుల చీటీని ఒకసారి రోగి కళ్లతో చూడండి. బీపీ మాత్ర రోజూ. కాల్షియం రోజూ. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర చాలామందికి దాదాపు రోజూ. వీటి మధ్య మెథోట్రెక్సేట్ ఒక్కటే వారానికోసారి. అదీ, ఫోలిక్ యాసిడూ చాలాసార్లు చిన్న పసుపు మాత్రలే. 2.5 మిల్లీగ్రాముల మాత్ర బదులు 10 మిల్లీగ్రాములది చేతికొస్తే డోసు నాలుగు రెట్లు. 'మండే' అన్న మాటను 'మార్నింగ్' అని చదువుకుని రోజూ పొద్దున్నే వేసుకున్నవాళ్లూ ఉన్నారు. వేళ్లు వంగక స్ట్రిప్ నొక్కడానికే అవస్థ పడే మనిషిని ఇన్ని చిక్కుల మధ్య వదిలేసి, తప్పు నీదే అంటామా?

పైగా ఈ ప్రమాదం మొదట్లో ప్రమాదంలా కనబడదు. నోరు పూస్తే వేడి చేసిందనుకుంటారు. ఒళ్లు వెచ్చబడితే మామూలు జ్వరమే అనుకుంటారు. ఈలోగా ఎముక మజ్జలో రక్తకణాల తయారీ పడిపోతూ ఉంటుంది. దీనికి ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది, కానీ ఆలస్యమైన కొద్దీ దాని ఫలితం తగ్గుతుంది. అందుకే నోటిపూత, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం కనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడాలని మొదటి చీటీతోనే చెప్పాలి. ఇన్ఫెక్షన్‌కు మరో డాక్టర్ కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాయబోతే ఈ మందు సంగతి చెప్పి ఆపించాలనీ, గర్భం ఆలోచన ఉంటే ముందే అడగాలనీ చెప్పాలి.

ఇవన్నీ చెబితే భయపడి మందే మానేస్తారని కొందరు డాక్టర్ల వాదన. మానేస్తే కీళ్లు దెబ్బతింటాయన్నది నిజమే. కానీ మనిషిని ఎక్కువ భయపెట్టేది సగం తెలిసిన సంగతే. 'క్యాన్సర్ మందు' అని నెట్‌లో చదివి హడలిపోయిన మనిషికి, కీళ్లకు ఇచ్చేది సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములేనని, చాలా క్యాన్సర్ చికిత్సల్లో ఇచ్చే డోసుల ముందు అది బాగా తక్కువని చెబితే టెన్షన్ సగం దిగిపోతుంది.

యూరప్ మందుల సంస్థ 2019లో మెథోట్రెక్సేట్ పెట్టెల మీద హెచ్చరిక, మాత్రలతో పాటు పేషెంట్ కార్డు ఉండాలని సిఫారసు చేసింది. మంచిదే. కానీ నన్ను అసలు బాధపెట్టేది భాష. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి వచ్చే మనిషికి, లివర్ ఎలా ఉందో, తెల్లకణాలు ఎందుకు తగ్గాయో తన భాషలో చెప్పే దిక్కు లేదు. ఒంటి మీద సూది గుచ్చడానికి అనుమతి అడిగేవాళ్లకు, ఆ ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడానికి ఏం అడ్డొస్తుంది?

'మంగళవారం మాత్రమే. మిగతా ఆరు రోజులూ వద్దు.' రోగి చదవగలిగే అక్షరాల్లో ఈ రెండు ముక్కలు రాయడానికి పది సెకన్లు చాలు. ఆ రోజు పేరు నింపనిదే మెథోట్రెక్సేట్ చీటీ ప్రింట్ కాకుండా ప్రతి ఆస్పత్రి కంప్యూటర్‌లోనూ అడ్డు పెట్టాలి.