బొజ్జన్నకు ఒక తిరుపతివాడి ఉచిత సలహా

అనకాపల్లి పక్కన శంకరం ఊళ్ళో, కొండ మీద బౌద్ధ గుహల్లో కాపురమున్న బొజ్జన్నకు తిరుపతి నుంచి రాయునది. ఉభయకుశలోపరి.

మా ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా 'అన్నా' అనే పిలుస్తాం. నీకు పేరులోనే అన్న ఉంది కాబట్టి కాస్త చనువు తీసుకుంటున్నా. మొన్న విశాఖలో చుట్టాల పెళ్ళికొచ్చి, ముహూర్తానికి ఇంకా టైముందని నీ కొండెక్కాను. తిరిగొచ్చాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదన్నా. ఏడుకొండల కింద పుట్టి పెరిగినవాణ్ణి, కొండ అంటే ఎలా ఉండాలో తెలిసినవాణ్ణి. వందల ఏళ్ళుగా చేతిలో అంత కొండ పెట్టుకుని నువ్వు ఏం చేసుకున్నట్టు?

మెట్ల సంగతే చూడు. మాకు అలిపిరి నుంచి 3,550. దగ్గరి దారి అనుకునే శ్రీవారి మెట్టుకే 2,388. మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి ఎంతటివాడికైనా గోవిందుడు గుర్తొస్తాడు. నీ మెట్లు నేను ఫోన్లో మాట్లాడుతూ ఎక్కేశాను. ఆయాసం రాకుండా పుణ్యం వచ్చిందంటే ఎవడు నమ్ముతాడు? క్యూ లేదు, కంపార్ట్‌మెంట్ లేదు, 'జరగండి, జరగండి' అని నెట్టే మనిషి లేడు. నీ ఎదురుగా ఎంతసేపైనా నిలబడొచ్చట. పది నిమిషాలయ్యాక ఇంకేం చెయ్యాలో తోచక నాకే టెన్షన్ పట్టుకుంది.

ఆ గుహ మాత్రం బాగుందన్నా, అబద్ధమెందుకు. కొండను లోపలికి తొలుచుకుంటూ పోయి, స్తంభాలకు కావలసినంత రాయి వదిలారు. నడిమధ్యన స్తూపం. అదీ ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టింది కాదు, చుట్టూ ఉన్నదంతా తీసేస్తే మిగిలింది. ఎండలోంచి వెళ్ళి దాని మీద అరచెయ్యి ఆనిస్తే కొత్తకుండ తాకినట్టుంది. పక్కన స్తంభం మీద ఎవడో మేకుతో గుండె గీసి, అందులో బాణం దించి, అటొక పేరు ఇటొక పేరు చెక్కాడు. ఆ శిల్పి కూడా ఓపిగ్గానే పనిచేశాడు. బయటికొస్తే కిందంతా పొలాలు, తాటిచెట్లు, గాలి. పడమటి వైపు రెండో కొండ మీద రాతిలోంచే తొలిచిన స్తూపాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి.

వాటిని చూసి జనం లింగాలనుకున్నారు, అది లింగాలకొండ అయింది. బౌద్ధ భిక్షువులుండే సంఘారామం శంకరమైంది. బుద్ధుడివి నువ్వు బొజ్జన్నవయ్యావు. నిన్నెవరూ పొమ్మనలేదు, ఉన్నచోటే పేరు మార్చేసి ఊరుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అనే దొర వచ్చి తవ్విస్తే గానీ నీ గుట్టు బయటపడలేదు. ఆ తవ్వకాల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికిందని అందరూ గొప్పగా చెప్తారు. ఒక్క నాణెం! హుండీ డబ్బులు లెక్కపెట్టే మా పరకామణిలో అయితే దాని కోసం ఎవరూ తల కూడా ఎత్తరు.

కనుమ సంగతి వింటే ఇంకా బాధేసింది. ఏటా ఆ రోజు జనం కొండకొచ్చి, రాక్షసుడనుకుని రాళ్ళు విసిరేవాళ్ళట కదా. పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు నచ్చజెప్పి మాన్పించేదాకా అదే ఆచారమట. మా రంగంపేటలో పశువుల పండగకు ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదుల్తారు, కుర్రాళ్ళు మీదపడి లాక్కుంటారు. ఆ ఎద్దు కనీసం తిరిగి పొడుస్తుంది. నువ్వేమో రాయి పడినా అదే మొహం, దండం పెట్టినా అదే మొహం. ఇలాగైతే జనానికి భయం ఎలా పుడుతుంది, భయం లేనిదే ముడుపు ఎవడు కడతాడు?

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట: "ప్రసాదమేదీ?" నీ దగ్గర ఆ ఏర్పాటే లేదాయె. మా ఊరి లడ్డుకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇది నీ చెవిన పడిందో లేదో. అదృష్టం కొద్దీ అనకాపల్లిలో రెండు కిలోల బెల్లం కొన్నాను. అదే నీ ప్రసాదమని చెప్పి వీధంతా పంచాను. అందరూ కళ్ళకద్దుకుని తిన్నారు. ఎదురింటి పిన్నిగారు చెయ్యి తుడుచుకుంటూ, "ఈ సామి ఏ కోరికలు తీరుస్తాడు నాయనా?" అని అడిగింది. అసలు కోరికలే వద్దంటాడని చెప్పడానికి నోరు రాలేదన్నా. పెళ్ళిళ్ళు కుదురుస్తాడని చెప్పేశాను.

వచ్చే నెల ఆమె ఇద్దరు కూతుళ్ళనూ తీసుకుని నీ దగ్గరికి బయల్దేరుతోంది. ఏం చేస్తావో చూసుకో.

ఇట్లు,
అలిపిరి దగ్గర ఉండే నీ తమ్ముడు