క్లీనరు పక్క రెక్క

మా అబ్బాయి ఫ్లోరిడాలో పాత విమానమొకటి కొన్నాడన్న సంగతి తిరుపతిలోని మా బంధువర్గానికి తెలిసిన నాటి నుంచి, అందులో ఎంతమంది పడతారన్న ప్రశ్నకు జవాబు చెప్పడమే నా వ్యాపకమైపోయింది. ఇద్దరే పడతారు. అమెరికాలో 2004లో వచ్చిన లైట్ స్పోర్ట్ (తేలికపాటి చిన్న విమానాల) నిబంధనల కింద తయారైన విమానం కాబట్టి మనుషులు, పెట్రోలు, సామాను అన్నీ కలుపుకొని బయలుదేరేటప్పుడు 600 కిలోలు దాటకూడదు. ఈ లెక్క విన్నాక మా పెద్దక్క దాని గురించి మళ్లీ అడగలేదు.

ఆ విమానం ఎడమ రెక్క చివర ఉండే ఎర్ర దీపం వెలగడం లేదని వాడు వీడియో కాల్‌లో చెప్పినప్పుడు ఇంట్లో అందరికన్నా తెలివైన ప్రశ్న వేసింది మా ఆవిడే. వాడి దగ్గరున్న స్పోర్ట్ పైలట్ లైసెన్సుతో 2025 దాకా రాత్రిపూట ఎగరడానికి ఉండేది కాదు, ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. "పగలు మాత్రమే ఎగిరేవాడికి లైట్లెందుకు రా?" అంది. మిణుకుమిణుకుమనే తెల్ల లైట్లు విమానానికి బిగించి ఉన్నాయంటే పగలైనా వాటిని వేసే ఎగరాలనీ, ఎరుపు, ఆకుపచ్చ లైట్లు మాత్రం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకానే తప్పనిసరి అనీ వాడు వివరించాడు. అంటే వెలగనిది అక్కరలేని లైటే అన్నమాట. "అయినా ఉన్న లైటు వెలగాలి కదమ్మా" అన్నాడు. ఈ మాటకు ఎదురు చెప్పడం ఏ తల్లి వల్లా కాదు.

రేణిగుంట రోడ్డులో ఆటోలకు, లారీలకు వైరింగు పని చేసే మా బావమరిది సరిగ్గా అప్పుడే కాఫీకి వచ్చాడు. మేనల్లుడు చిన్నప్పుడు సెలవులన్నీ ఆ షాపులోనే గడిపాడు కాబట్టి మామ మాటంటే వాడికి వేదవాక్కు. ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, తోకన తెలుపు అనీ, ముందరి రెండూ చెరి 110 డిగ్రీలు, తోక లైటు 140 డిగ్రీల మేర కనిపించాలనీ వాడు చెబితే, మామ వేళ్ల మీద కూడి, చుట్టూ 360 సరిపోయిందని తృప్తిపడి, తీర్పు కూడా వెంటనే ఇచ్చేశాడు. "ఎర్తు పోయుంటాది అల్లుడా. ఒక వైరు తెచ్చి బాడీకి కొట్టు."

"బాడీ ఫైబరు మామా."

ముప్పై ఏళ్లకు పైగా కనబడిన ఇనుముకల్లా ఎర్తు కొట్టి బతికిన మనిషికి ఈ వార్త ఎలా తగిలిందో నేను దగ్గర నుంచి చూశాను. కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అల్యూమినియం విమానాలలోనైతే శరీరమే ఎర్తుగా పనిచేస్తుందనీ, ఫైబరు రెక్కలో మాత్రం కరెంటు తిరిగి రావడానికి కూడా రెక్క పొడవునా వేరే తీగ లాగి ఉంటుందనీ వాడు చెప్పగా, ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే ఎర్తు వైరే తెగుంటాది" అని తన తీర్పును కాపాడుకున్నాడు. ఆ తరువాత అసలు ఆజ్ఞ వెలువడింది. "క్లీనరు సైడు రెక్క విప్పు."

మన లారీలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, కాబట్టి క్లీనరు పక్క అంటే ఎడమ. విమానంలో పైలట్ కూర్చునేది ఎడమ సీటులో, కాబట్టి క్లీనరు పక్క అంటే కుడి. మామ శిష్యరికంలో పెరిగిన మా వాడు లైటు రంగును కాక మామ మాటను నమ్మి, నిక్షేపంలా వెలుగుతున్న ఆకుపచ్చ లైటు దగ్గరికి స్క్రూడ్రైవరు పట్టుకొని వెళ్లాడు. గాజులాంటి ఆ కవరును పట్టి ఉంచిన చిన్న మర తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. వాడు బలం ప్రయోగించిన కొద్దీ దాని తల మీది గాడి అరిగి నున్నగా అయింది. చివరకు కటింగ్ ప్లయరుతో పట్టి తిప్పితే మర వచ్చింది, దానితోపాటు కవరు మూల చిట్లింది, లైటు బయటికి లాగగానే పాత అతుకు ఊడి ఆకుపచ్చ లైటు కూడా ఆరిపోయింది. "ఇప్పుడు రెండూ ఒకేలా ఉండాయి కదా" అన్నాడు మామ. ఓదార్పు కోసమే అన్నాడనుకుంటాను.

అసలు లోపం బల్బులోనూ లేదు, ఎర్తులోనూ లేదు. రెక్కలు విప్పి దాచుకోవడానికి వీలుగా వాటి మొదట్లో తీగలను కలిపే ఒక కప్లరు ఉంటుంది. దాని దాకా పన్నెండు వోల్టులు వస్తున్నాయి, ఎడమ రెక్క చివర మాత్రం మీటరు సున్నా చూపిస్తోంది. కప్లరును ఊపమని మామ చెప్పగానే ఎర్ర లైటు ఒక్కసారి వెలిగి ఆరింది. లోపలి పిన్ను ఒకటి వెనక్కి జారి, పచ్చగా చిలుము పట్టి ఉంది. ఈ నిర్ధారణ పూర్తిగా మామదేనని ఒప్పుకోవాలి.

అయితే ఆ పిన్నును మా వాడు ముట్టుకోరాదట. యజమాని స్వయంగా చేసుకోదగిన పనులంటూ అమెరికా నిబంధనలలో ఒక జాబితా ఉంది. అందులో రెక్క లైట్ల బల్బులు, కవర్లు మార్చడం ఉంది, ల్యాండింగ్ లైటు తీగ తెగితే అతికించడం కూడా ఉంది, రెక్క లైటు తీగల ఊసు మాత్రం లేదు. బల్బుల బదులు ఎల్ఈడీలు పెడదామంటే దానికి విమానం తయారుచేసిన కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలి. "బల్బు మార్చేదానికి కంపెనీకి అర్జీనా!" అని మామ ఎంతో సంతోషించాడు. అటువంటి కాగితాలు మన దేశంలోనే అడుగుతారని ఆయన ఇన్నాళ్లూ బాధపడేవాడు.

లైసెన్సున్న మెకానిక్కు వచ్చి పిన్ను, ఊడిన అతుకు బాగుచేశాడు. చిట్లిన కవరును మా వాడే మార్చాడు. చేసిన ప్రతి పనినీ తేదీ, సంతకాలతో లాగ్ పుస్తకంలో రాయాలి కాబట్టి "కుడి రెక్క లైటు కవరు మార్చడమైనది" అని రాశాడు. ఎందుకు మార్చవలసి వచ్చిందో రాయమని నిబంధన అడగదు. పుస్తకంలో తన పేరెక్కిందా అని మామ రెండుసార్లు అడిగాడు, లేదని తెలిసి నొచ్చుకున్నాడు.

మొన్న ల్యాండింగ్ లైటు మసకబారిందని మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి మామ తొందరపడలేదు. కళ్లద్దాలు పెట్టుకొని, గొంతు సవరించుకొని, "ముందు స్టీరింగు ఏ పక్క ఉండాదో చెప్పు" అన్నాడు.

"రెండు పక్కలా ఉంది మామా."