తెగిన కాలికి పన్ను లెక్క

1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధం ముగింపుకొచ్చిన వేళ, సిల్హెట్ దగ్గర మందుపాతర పేలి మేజర్ ఇయాన్ కార్డోజో కాలు నుజ్జయింది. స్థానికుడొకరు ఆయనను మోసుకెళ్లి బెటాలియన్ స్థావరానికి చేర్చారు. అక్కడ నొప్పి తెలియకుండా ఇవ్వడానికి మార్ఫీన్ లేదు. కోయడానికి పరికరాలూ లేవు. కాలు తీసేయమని అడిగితే డాక్టరు నిస్సహాయత వ్యక్తం చేశాడు. గూర్ఖాలు వాడే వంపు కత్తి కుక్రీతో నరకమంటే సహాయకుడైన గూర్ఖా జవాను తన వల్ల కాదన్నాడు. దాంతో మేజరే ఆ కుక్రీ అందుకుని తన కాలిని తానే నరుక్కున్నారు. తెగిపడిన భాగాన్ని తీసుకెళ్లి పాతిపెట్టమని పురమాయించారు.

ఏటా డిసెంబరు 16న విజయ్ దివస్ నాడు ఈ ఉదంతం ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంటుంది. వింటాం, ఒళ్లు గగుర్పొడుస్తుంది, అక్కడితో వదిలేస్తాం. మాకైతే అసలు కథ ఆ తర్వాతే మొదలైందనిపిస్తుంది.

గూర్ఖా జవాన్లకు కార్డోజో అనే పేరు నోరు తిరగలేదు. ‘కార్తూస్ సాబ్’ అని పిలుచుకున్నారు, అంటే తూటా దొరగారని. యుద్ధం మొదలైనప్పుడు ఆయన తమిళనాడులోని వెల్లింగ్టన్ సైనిక స్టాఫ్ కాలేజీలో చదువుకుంటున్నారు. ఐదో గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్ ఉపనాయకుడు నేలకొరగడంతో ఆ స్థానంలోకి హుటాహుటిన వెళ్లారు. డిసెంబరు 7న ఆ బెటాలియన్ హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దిగింది. భారత సైన్యం హెలికాప్టర్లలో బలగాలను దించి చేసిన తొలి దాడి అదే. దిగింది కొన్ని వందల మంది, ఎదురుగా ఉన్నది వేల మందితో రెండు పాకిస్తానీ బ్రిగేడ్లు. దిగింది ఏకంగా ఒక బ్రిగేడ్ అని బీబీసీ రేడియో పొరపాటున చెప్పింది. గూర్ఖాలు ఆ పొరపాటునే ఆయుధం చేసుకున్నారు. బ్రిగేడ్ ఉన్నట్టే విశాలంగా పరుచుకుని, ఆకలిదప్పులతో రోజుల తరబడి నిలబడ్డారు. చివరికి ముగ్గురు బ్రిగేడియర్లతో సహా శత్రుసేన వారి ముందు ఆయుధాలు దించింది.

కోసిన కాలికి సరైన చికిత్స చేయగల సర్జన్ దగ్గర్లో ఒక్కరే దొరికారు. ఆయన బందీగా చిక్కిన పాకిస్తానీ మేజర్ మొహమ్మద్ బషీర్. కార్డోజో మొదట ససేమిరా అన్నారు. పైఅధికారి నచ్చజెప్పాక రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. పాకిస్తానీ రక్తం ఎక్కించకూడదు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తన కమాండర్ పక్కనే ఉండాలి. బషీర్ పని చక్కగా చేశారు. ఆయనకు కృతజ్ఞత చెప్పుకోలేకపోయానన్న బాధ కార్డోజోను చాలా ఏళ్లు వెంటాడింది. కాలు తెగినప్పటి మొండితనం కన్నా ఆ బాధే ఆ మనిషిని మాకు ఎక్కువ దగ్గర చేస్తుంది.

కొయ్యకాలితో తిరిగొచ్చిన మేజరుకు సైన్యం బల్ల దగ్గర ఉద్యోగం చూపించింది. కాలు లేనివాడు పదాతి దళ బెటాలియన్‌ను ఎలా నడిపిస్తాడన్నది అధికారుల సందేహం. ఆయన రెండు కాళ్లున్న అధికారులతో పోటీపడి శారీరక పరీక్షలో నెగ్గారు. ఆనాటి సైన్యాధిపతి జనరల్ రైనాతో కలిసి లద్దాఖ్ వెళ్లి కొండల్లో, మంచులో నడిచి చూపించారు. యుద్ధంలో అవయవం కోల్పోయి కూడా బెటాలియన్‌కూ, ఆ తర్వాత బ్రిగేడ్‌కూ నాయకత్వం వహించిన తొలి భారత అధికారి అయ్యారు. మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు.

ఇప్పుడు 2019 జూన్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు జారీ చేసిన సర్క్యులర్ సంగతి చూద్దాం. వైకల్య పింఛనుకు దశాబ్దాలుగా ఆదాయపు పన్ను లేదు. ఆ మినహాయింపు ఇకపై వైకల్యం కారణంగా సర్వీసు నుంచి పంపేసినవారికే వర్తిస్తుందని, పూర్తికాలం పనిచేసి విరమించినవారికి వర్తించదని ఆ సర్క్యులర్ చెప్పింది. వివాదం సుప్రీంకోర్టు గుమ్మం తొక్కింది.

ఆ తర్కాన్ని ఇద్దరు జవాన్లకు వర్తింపజేసి చూడండి. ఒకే గస్తీ, ఒకే మందుపాతర, ఇద్దరికీ కుడికాలే పోయింది. ఒకరిని వైద్య మండలి ఇంటికి పంపింది. రెండోవారు వెళ్లనన్నారు. పుణెలోని కృత్రిమ అవయవ కేంద్రంలో కాలు పెట్టించుకుని, శిక్షణ కేంద్రంలోనో గిడ్డంగిలోనో మరో పదిహేనేళ్లు పనిచేసి దిగారు. మొదటివారి పింఛనుకు పన్ను ఉండదు, రెండోవారికి ఉంటుంది. ఉద్యోగం వదలకుండా నిలబడినందుకు ఇది జరిమానా కాకపోతే మరేమిటి? కార్డోజో పట్టుదలను పాఠ్యాంశంగా చెప్పుకునే వ్యవస్థే, ఆ దారిన నడిచే జవాను జేబులోంచి చిల్లర ఏరుకుంటోంది.

దుర్వినియోగం జరుగుతోందన్నది ప్రభుత్వ వాదన. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. విరమణ ముంగిట రక్తపోటు, మధుమేహం చూపి వైకల్య పింఛను పొందుతున్న అధికారుల గురించి ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ సైతం ప్రస్తావించింది. 2023లో అర్హతా నిబంధనలు మార్చడానికీ ఇదే కారణంగా చెప్పారు. సరే, వడపోత అవసరమైతే వైద్య మండలి దగ్గర పెట్టండి. మందుపాతరకు పోయిన కాలినీ, క్యాంటీన్ భోజనంతో పెరిగిన కొలెస్టరాల్‌నూ వేరుచేసి చూడటం ఏ డాక్టరుకైనా కష్టం కాదు. ఆ శ్రమ ఎందుకనుకుని అందరినీ ఒకే గాటన కట్టేశారు.

చట్టం అర్థం కాక జరుగుతున్న తప్పు కాదిది. సైన్యంలో చేరేనాటికి ఆరోగ్యంగా ఉన్నవాడికి తర్వాత వచ్చిన వైకల్యాన్ని సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలని, కాదంటే నిరూపించాల్సింది ప్రభుత్వమేనని 2013లోనే ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా సాయుధ బలగాల ట్రిబ్యునల్‌లో గెలిచిన జవాన్ల మీద రక్షణ శాఖ పైకోర్టులకు వెళ్లడం మానలేదు. ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లే మన పశ్చిమ గోదావరిలోని మిలటరీ మాధవరం లాంటి ఊళ్లో, ఊతకర్రతో నడిచే మాజీ జవాను వకీలు ఫీజు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆయన కేసు ఆ ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. అక్కడ గెలిచాక ఢిల్లీకి రమ్మంటే, ఆ కేసును సాగించేది ఎవరి డబ్బుతోనో, ఎదుర్కోవాల్సింది ఎవరి డబ్బుతోనో చెప్పక్కర్లేదు.

ఆలస్యం మనకు కొత్త కాదు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈతలో 37.33 సెకన్లలో 50 మీటర్లు దాటి భారతదేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. అర్జున అవార్డు ఆయన చేతికందింది 2025 జనవరిలో. అంటే 52 ఏళ్లు దాటాక. ఈత కొట్టిన మనిషి ఓపిక ఫైళ్లకన్నా గట్టిది కాబట్టి అందుకోగలిగారు.

సర్క్యులర్‌ను వెనక్కి తీసుకోవడానికి పార్లమెంటు కూర్చోనక్కర్లేదు. జారీ చేసిన కార్యాలయమే మరో కాగితం జారీ చేస్తే సరిపోతుంది. ట్రిబ్యునల్‌లో ఓడిన కేసుల్లో, యుద్ధభూమిలో గాని గస్తీలో గాని గాయపడినవారివి ఏవో రక్షణ శాఖ ఈ నెలలోనే ఏరి, వాటి మీద అప్పీళ్లు ఉపసంహరించుకోవాలి. వచ్చే విజయ్ దివస్‌కు మంత్రులు పుష్పగుచ్ఛాలు పట్టుకుని స్మారకాల దగ్గరికి వెళ్లేలోగా ఈ రెండు పనులూ పూర్తిచేయడానికి వ్యవధి ఉంది.