తలకు 33 రూపాయల నిద్ర

ప్రభుత్వ నిబంధనలను ఎగతాళి చేయడం ఈ మధ్య అందరికీ ఫ్యాషన్ అయిపోయింది. నేను ఆ బాపతు కాదు. నిబంధన లేకపోతే నిధి లేదు, నిధి లేకపోతే ఫైలు లేదు, ఫైలే లేకపోతే ఈ దేశంలో పేదవాడు ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది? అందుకే ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు నీడ చూపించే పథకాల మార్గదర్శకాలన్నీ ముందేసుకుని, వారం రోజులపాటు మధ్యాహ్నం భోజనం అయ్యాక నిష్ఠగా చదివాను. మా ఆవిడ మధ్యలో వచ్చి, పారాయణం ఎప్పుడు పూర్తవుతుంది, కొబ్బరికాయ తెప్పించాలా అని కూడా అడిగింది.

ముందు అంకెలు చూద్దాం. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద 2013లో పట్టణ నిరాశ్రయుల వసతి పథకం వచ్చింది. లక్ష జనాభాకు కనీసం వంద మందికి వసతి. ఒక్కో వసతి గృహంలో 50 నుంచి 100 మంది. మనిషికి 50 చదరపు అడుగుల చోటు. ఏడాది పొడుగునా, 24 గంటలూ తెరిచి ఉండాలి. నీళ్లు, మరుగుదొడ్లు, వంటకు చోటు, ప్రథమ చికిత్స పెట్టె, దుప్పట్ల ఉతుకు, దోమల నివారణ. ఆ దోమల మాట దగ్గరికి రాగానే కాగితాలు కళ్లకద్దుకున్నాను. ఢిల్లీలో కూర్చుని ఈ ముక్క రాసిన అధికారి ఎప్పుడో ఒక రాత్రి పొరపాటున నెల్లూరులో రైలు దిగి ఉంటాడు, సందేహం లేదు.

ఇన్ని ఏర్పాట్లకు ఖర్చెంత? 50 మంది ఉండే గృహం నిర్వహణకు ఏడాదికి 6 లక్షలు. నేను పెద్ద లెక్కల మనిషిని కాదు గానీ ఫోనులో క్యాలిక్యులేటర్ ఉంది. 365తో భాగిస్తే రోజుకు 1,644 రూపాయలు. యాభై తలలకు పంచితే తలకు 32 రూపాయల 88 పైసలు. ఉదారంగా 33 అనుకుందాం. మేనేజరు జీతం, షిఫ్టుల వారీగా ఉండే కేర్‌టేకర్ల జీతాలు, కరెంటు బిల్లు, ఫినాయిలు, పైన చెప్పిన దోమలు, అన్నీ ఈ 33లోనే సర్దుకోవాలి.

ఈ అంకె ఎక్కడో విన్నట్టుందే అనుకుని పాత పేపర్లు తిరగేశాను. దొరికింది. 2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇస్తూ, పట్టణంలో రోజుకు 32 రూపాయలు ఖర్చు పెట్టగలిగినవాడు పేదవాడు కాడని తేల్చింది. రెండేళ్ల తర్వాత వచ్చిన పథకం లెక్క కూడా సరిగ్గా ఆ గీత మీదకే వచ్చి ఆగడం కాకతాళీయం అని నేను అనుకోను. వసతి గృహంలో నడుం వాల్చిన క్షణం నుంచి మనిషి మీద రోజుకు 88 పైసలు ఎక్కువే ఖర్చవుతోంది కదా. కాబట్టి అతను పేదవాడు కాడు. ఇంతమంది పేదరికాన్ని ఇంత చవగ్గా, అదీ నిద్రలో, వాళ్లకు మెలకువ కూడా రాకుండా తీసేసిన దేశం ఇంకోటి ఉంటే చూపించండి.

లక్షకు వంద మంది అన్నారు సరే, ఏ లక్ష? 2011 జనగణన లక్ష. అప్పటికి నెల్లూరు నగరం సుమారు ఐదు లక్షలు. తర్వాతి జనగణన 2021లో జరగాలి, జరగలేదు, ఇప్పుడు 2027 అన్నారు. ఈ మధ్యలో పొట్ట చేత పట్టుకుని నెల్లూరు వచ్చినవాళ్లు లెక్కల దృష్టిలో ఇంకా బస్సు దిగలేదు. దిగనివాడికి పడకెందుకు?

అసలు ఇల్లు లేనివాణ్ణి లెక్కపెట్టడం కూడా తేలికేం కాదు. జనగణన మొదటి విడతలో ఇళ్లను లెక్కపెడతారు. ఇల్లు లేనివాడు ఆ విడతలో సహజంగానే ఉండడు. అతని కోసం ఒక రాత్రి కేటాయించారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి. ఆ రాత్రి దేశం మొత్తం మీద 17.73 లక్షల మంది దొరికారు, అందులో పట్టణాల్లో 9.38 లక్షలు. ఆ రాత్రే ఎవరో అదిలిస్తే లేచి, మూట చంకన పెట్టుకుని మైపాడు గేటు వైపు నడుస్తూ పోతున్నవాడి సంగతేంటి అని నా మిత్రుడు అడిగాడు. చాలా తెలివితక్కువ ప్రశ్న. నడిచేవాడు పాదచారి. పడుకుంటేనే నిరాశ్రయుడు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు. కనిగిరి వైపు మనిషి. స్టోన్‌హౌస్‌పేటలో మూటలు మోస్తాడు. రాత్రి కొట్లు మూసేశాక ఒక కొట్టు మెట్టు మీద గోనెపట్టా పరుచుకుంటాడు. కింద బండ, పైన రేకు. ఒకసారి ఆయన టీకి వెళ్లినప్పుడు ఆ మెట్టును టేపు పెట్టి కొలిచాను. వెడల్పు రెండడుగులు, పొడవు ఆరడుగులు. మొత్తం పన్నెండు చదరపు అడుగులు. మార్గదర్శకాలు ఈయనకు 50 ఇచ్చాయి. అంటే తనకు రావాల్సిన 38 చదరపు అడుగులను ఈయన ప్రతి రాత్రీ ప్రభుత్వానికి వదిలేస్తున్నాడు. గ్యాస్ సబ్సిడీ వదులుకున్నవాళ్లను దేశమంతా పొగిడిందే, ఈయన్ను ఒక్కరూ పొగిడిన పాపాన పోలేదు.

కిందటి కార్తీకంలో వాయుగుండం పట్టి మూడు రోజులు వదల్లేదు. మెట్టు మీదికి జల్లు కొడుతోంది. నేనే ఆయన్ను ఆటో ఎక్కించి ఒక వసతి గృహానికి తీసుకెళ్లాను. పేరు చెప్పను, వాళ్ల తప్పేమీ లేదు. కుర్చీలో ఒక కుర్రాడు, మర్యాదస్తుడు.

"పెద్దాయనా, ఆధార్ ఉందా?"

పెద్దాయన చొక్కా లోపలి జేబులోంచి పాలకవరు తీశాడు. దానికి రబ్బరు బ్యాండు, రబ్బరు బ్యాండు లోపల ఇంకో కవరు, దాని లోపల కార్డు. మనిషి తడిసి ముద్దయ్యాడు గానీ కార్డు మీద చుక్క పడలేదు. కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డోర్ నంబరుతో సహా ఉంది కదా. ఊళ్లో ఇల్లుంది మీకు."

"ఉండేది నాయనా. గోడ పడిపోయింది. ఐదేళ్లయింది."

"కార్డులో ఉంది కదా పెద్దాయనా."

"కార్డులో ఇంకా పడలేదు నాయనా."

కుర్రాడు నవ్వు ఆపుకుని ఎవరికో ఫోను చేశాడు. ఆ రాత్రికి పడక ఇచ్చారు. ఇక్కడ ఆవేశపడేవాళ్లు ఉంటారు. ఇక్కడ ఉండేవాళ్లకు గుర్తింపు కార్డు, రేషను, పింఛను ఇప్పించే బాధ్యత కూడా ఈ గృహానిదే అని మార్గదర్శకాల్లో ఉందిగా, కార్డు ఇప్పించాల్సిన చోట కార్డు అడగడమేంటి అంటారు. ఇందులో పరిపాలనా రహస్యం ఉంది. కార్డు లేనివాడికి కార్డు ఇప్పించాలంటే సంవత్సరం పడుతుంది. ముందే ఉన్నవాడికి ఇప్పించాలంటే జెరాక్సు తీస్తే చాలు. లక్ష్యాలు ఊరికే చేరుకోలేం.

ఇంకో నిబంధన నన్ను బాగా ఆకట్టుకుంది. ఉండేవాళ్ల దగ్గర ఆదాయంలో ఇరవయ్యో వంతు నుంచి పదో వంతు దాకా రుసుం తీసుకోవచ్చు. పెద్దాయన 400 తెచ్చుకున్న రోజు 20 నుంచి 40 రూపాయలన్నమాట. మూట దొరకని రోజు సున్నాలో పదో వంతు. కాకపోతే ఆదాయం సున్నా అని ఎవరు తేల్చాలి? వార్డు సచివాలయానికి పోవాలి. అక్కడ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకునే జాబితాలో, పేరుండాలి. పేరుండాలంటే ఒక హౌస్, ఒక హోల్డ్ ఉండాలి. హౌస్ సంగతి చెప్పాను. ఇక హోల్డ్ అంటే, ఆ మెట్టు మీద పట్టు తప్పకుండా పడుకోవడమే. వేలిముద్ర వేద్దామంటే ముప్పై ఏళ్లు గోనెసంచులు మోసిన వేళ్లు, మిషను ఆయన్ను మనిషిగా గుర్తుపట్టదు.

మూడో రాత్రికి పెద్దాయన మళ్లీ మెట్టు మీదికే వచ్చేశాడు. ఎందుకని అడిగితే, తెల్లారుజామున నాలుగింటికి లారీ వస్తుంది, అంత దూరం నుంచి ఆటోకి 50 అవుతుంది అన్నాడు. తలకు ప్రభుత్వం పెట్టే 33 కన్నా ఆటో ఖర్చే ఎక్కువ. నిజానికి బస్టాండులు, రైల్వే స్టేషన్లు, మార్కెట్ల దగ్గరే ఈ గృహాలు ఉండాలని రాశారు. మనిషికి 50 అడుగుల లెక్కన యాభై మందికి రెండున్నర వేల చదరపు అడుగులు. మార్కెట్ పక్కన రెండున్నర వేల అడుగుల చోటు దొరికితే దాంట్లో నిరాశ్రయుల్ని పడుకోబెట్టేంత అమాయకులు మన ఊళ్లో ఉన్నారా?

ఈ తాత్కాలిక నీడలెందుకు, ఏకంగా ఇల్లే ఇవ్వొచ్చు కదా అని అడిగే అత్యాశపరులకు ఒక మాట. దానికీ పథకం ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం 2015 జూన్ 25న మొదలైంది. సాయం కావాలంటే ఆ కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. సొంతంగా కట్టుకునేవాళ్లకు కేంద్రం లక్షన్నర ఇస్తుంది. ఇంకో షరతు, కట్టుకోవడానికి స్థలం ఉండాలి. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. స్థలం లేనివాళ్లకు మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25 నుంచి పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున పట్టాలిచ్చారు. సెంటంటే 48 గజాల పైచిలుకు. బిల్లు మాత్రం దశలవారీగా పడుతుంది. ముందు పునాది తీసి, బేస్‌మెంట్ లెవెల్‌కు తెచ్చి, ఫోటో పెడితే బేస్‌మెంట్ డబ్బు. ఇల్లు కట్టుకునే స్తోమత ఉందని చేతల్లో నిరూపించుకున్నవాడికి ఇల్లు కట్టుకోవడానికి సాయం. అప్పు ఇచ్చేముందు అప్పు అవసరం లేదని తేల్చుకునే బ్యాంకుల పద్ధతి ఇది, గొప్ప పద్ధతి. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరూ గోడల రంగూ మారతాయని కొందరు గొణుగుతారు. మా పెద్దాయనకు ఆ టెన్షన్ లేదు, గోడే లేదు.

ఇక యూసీ. యుటిలైజేషన్ సర్టిఫికెట్ అంటే తెలియనివాళ్లు ఈ రాష్ట్రంలో ఇంకా ఉంటారని నేననుకోను. ఆవాస్ యోజన డబ్బు 40, 40, 20 శాతాల చొప్పున మూడు విడతలు. మొదటి విడతలో 70 శాతం ఖర్చయినట్టు యూసీ వస్తే గానీ రెండోది కదలదు. ఇది మంచి క్రమశిక్షణ. దీన్ని నిద్రకు కూడా వర్తింపజేయాలని నా మనవి. పెద్దాయన అర్ధరాత్రి దాకా మంజూరైన నిద్రలో 70 శాతం వాడుకున్నట్టు సంతకం పెడితే, మిగతా రాత్రి విడుదల చేయాలి. వాన పడి లేచి కూర్చుంటే అది లాప్స్ అయినట్టే, మార్చి 31 లోపు సరెండర్ చేసేయాలి.

ఇంత పకడ్బందీ ఏర్పాటు ఏమైందంటారా? నిర్వహణ డబ్బు ఐదేళ్లు ఇచ్చారు, ఆ తర్వాత మీ తిప్పలు మీరు పడండన్నారు. ఐదేళ్లలో ఇల్లు లేకపోవడం అనే అలవాటు మానేస్తారని ఆశించి ఉంటారు. ఆ మిషనే 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో అటార్నీ జనరల్, పట్టణ పేదరిక నిర్మూలనకు కొత్త మిషన్ ఖరారు చేస్తున్నామని, నిరాశ్రయుల వసతి కూడా అందులో ఉంటుందని చెప్పారు. ఎంత కాలం పడుతుందో కనుక్కుని చెప్పమంది కోర్టు. న్యాయమైన ప్రశ్న. పాత పథకానికీ కొత్త పథకానికీ మధ్య సందులో ఎవరైనా పడుకోవాలంటే దాని వెడల్పు తెలియాలి కదా.

ఇవన్నీ చదివి చదివి తల తిరిగి, మొహర్రానికి స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లాను. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ గురించి నెల్లూరువాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు రెండు ముక్కలు. కోరిక తీరినవాడు రొట్టె తెచ్చి చెరువులో నిలబడతాడు. అదే కోరిక ఉన్నవాడు ఆ రొట్టె తీసుకుని తింటాడు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. ఒక లబ్ధిదారుడు తర్వాతి లబ్ధిదారుడికి ఎదురుగా నిలబడి చేతికిస్తాడు. నోడల్ ఏజెన్సీ లేదు, వాటా ధనం లేదు, మ్యాపింగ్ లేదు. ఆడిట్ వాళ్లు చూస్తే గుండె ఆగిపోతుంది. రసీదు ఉండదు. రొట్టె కొలత ఒక్కటిగా ఉండదు. సగం రొట్టె వీసాకు, సగం ఇంటికి తీసుకునేవాళ్లు ఉంటారు. ఇంత అక్రమంగా జరుగుతున్న గృహ పథకాన్ని ఇన్నేళ్లుగా ఎవరూ ప్రశ్నించకపోవడం విచారకరం.

మోకాళ్ల లోతు నీళ్లలో పెద్దాయన కనిపించాడు. పంచె ఎగ్గట్టి, పాలకవరు చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుని, నోట్లో రొట్టె నములుతున్నాడు.

"ఏం పెద్దాయనా, ఇంటి రొట్టేనా?"

"ఇంటిదే సామీ. ఆ యమ్మకి ఇల్లొచ్చిందంట, ఇచ్చింది. కార్డు కూడా అడగలా."

"పోయినేడూ తీసుకున్నావా?"

"నాలుగేళ్ల నుంచి తీసుకుంటా ఉండా. ఇల్లొస్తే మనమే రొట్టె కాల్చుకుని తేవాలంట సామీ." ఆయన మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, చెయ్యి చెరువు నీళ్లలో కడుక్కున్నాడు. "రాలా కాబట్టి సరిపొయింది. పొయ్యి యాడుందని?"